ప్రపంచ వాణిజ్యాన్ని ప్రాథమికోన్నత తరగతుల పిల్లలకు ఎలా బోధించాలి?

ఎగుమతి, దిగుమతి అనే మాటలకు నిర్వచనాలు రాయించి ఈ పాఠం మొదలుపెడితే పిల్లలు వాటిని వల్లె వేస్తారే తప్ప, దేశాలు ఒకదానిపై మరొకటి ఎందుకు ఆధారపడతాయో వారికి బోధపడదు. నిర్వచనాలను చివరికి ఉంచి, ముందు ఆట ఆడించండి.

మొదట తరగతిని ఐదారు జట్లుగా విడదీసి, ఒక్కో జట్టు ఒక్కో దేశమని చెప్పండి. ఒక జట్టుకు కాగితాల కట్ట, ఇంకొక జట్టుకు కత్తెరలు, వేరొక జట్టుకు స్కేళ్లు, పెన్సిళ్లు, ఇలా కావాలనే హెచ్చుతగ్గులుగా పంచండి. చెప్పిన కొలతల్లో త్రిభుజాలు, దీర్ఘచతురస్రాలు కత్తిరించి తెస్తే మార్కులు వస్తాయని మాత్రమే చెప్పండి. వస్తువులు మార్చుకోవచ్చన్న సంగతి మీ నోటి నుంచి రాకూడదు. కాసేపు ‘ఇది అన్యాయం’ అనే ఫిర్యాదులు వినిపిస్తాయి, వాటిని ఓర్చుకోవాలి. ఆ తర్వాత ఎవరో ఒకరు లేచి పక్క జట్టును కత్తెర అడుగుతారు, అసలు పాఠం అక్కడే మొదలవుతుంది. ఆట సగంలో ఉండగా త్రిభుజాల మార్కులను సగానికి తగ్గించి, వాటినే నమ్ముకున్న జట్టు ఏం చేస్తుందో అందరినీ గమనించమనండి.

రెండో రోజు నల్లబల్లపై లెక్క వేయించండి. 1817లో ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో ఇచ్చిన ఉదాహరణలో, ఏడాదిలో కొంత వస్త్రం తయారీకి పోర్చుగల్‌లో 90 మంది, ఇంగ్లండ్‌లో 100 మంది కావాలి. కొంత ద్రాక్షసారాకు పోర్చుగల్‌లో 80 మంది, ఇంగ్లండ్‌లో 120 మంది కావాలి. రెండు దేశాలూ రెండింటినీ తయారుచేసుకుంటే మొత్తం 390 మంది శ్రమ పడుతుంది. పోర్చుగల్ ద్రాక్షసారాకూ, ఇంగ్లండ్ వస్త్రానికీ పరిమితమై మార్చుకుంటే అంతే సరుకు 360 మందితో తయారవుతుంది. రెండు పనుల్లోనూ ముందున్న పోర్చుగల్‌కు సైతం వాణిజ్యం ఎందుకు లాభమో పిల్లలే కూడికలు చేసి తేల్చుకోవాలి.

తరువాత ప్రపంచ పటంపై మొబైల్ ఫోన్ ప్రయాణాన్ని దారాలతో గుర్తింపజేయండి: బ్యాటరీకి కావలసిన కోబాల్ట్ కాంగోలో, లిథియం చిలీలో, తైవాన్‌లో చిప్‌లు, ఆ చిప్‌ల తయారీకి అవసరమైన యంత్రాలు నెదర్లాండ్స్‌లో, చివరి కూర్పు చైనా, వియత్నాం, భారత్ వంటి దేశాల్లో. 2021 మార్చి 23న సుమారు 400 మీటర్ల పొడవున్న ఎవర్ గివెన్ అనే సరుకు రవాణా నౌక సూయజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కొని ఆరు రోజుల పాటు రాకపోకలు ఆపేసిన సంఘటనను ఇక్కడే చెప్పండి.

వాణిజ్యం అందరికీ సమానంగా మేలు చేస్తుందని చెప్పి ముగించడం నా దృష్టిలో సగం పాఠమే. కోబాల్ట్ తవ్వే కూలీకీ, ఫోన్ అమ్మే సంస్థకూ దక్కే వాటాలు ఒకటేనా అన్న ప్రశ్నపైనా, అన్నీ సొంతంగా తయారుచేసుకుంటే ఏమవుతుందన్న ప్రశ్నపైనా వాదప్రతివాదాలు జరపండి. పరీక్షకు బదులు, పటంపై ఒక దారాన్ని తెంపి, దాని ప్రభావం ఎవరెవరిపై ఏ వరుసలో పడుతుందో ఒక పేజీలో రాయించండి.