బహమనీల ఎత్తుపల్లాలు కట్టడాల్లో చదవడం ఎలా: గుల్బర్గా నుంచి బీదర్ దాకా మూడు రోజుల దారి

హైదరాబాద్ నుంచి బయల్దేరేవాళ్లు ముందు బీదర్‌కే వెళ్తారు. సుమారు 140 కిలోమీటర్లే కదా అని. అలా వెళ్తే కథ మధ్యలోంచి మొదలవుతుంది. 1347లో దక్కన్‌లో పుట్టిన బహమనీ రాజ్యానికి మొదటి రాజధాని గుల్బర్గా, అంటే ఇప్పటి కలబురగి. బీదర్ వంతు వచ్చింది 1420లలో. కాబట్టి నేరుగా కలబురగి చేరి, ఒక రోజు అక్కడ ఉండి, తర్వాత బీదర్‌కు వచ్చి రెండు రోజులు గడిపి ఇంటికి తిరగండి. చూసే వరుసే ఇక్కడ సగం పని.

వెళ్లేముందు సుల్తానుల పేర్లు, పాలించిన ఏళ్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఏళ్లు లేకుండా పేర్లు రాసుకుంటే రెండో కట్టడం దగ్గరే తికమకపడతారు. ముహమ్మద్ షాలు ముగ్గురు, మహమూద్ షా వేరు, అహ్మద్ షాలు ఒకరికంటే ఎక్కువ, అలాఉద్దీన్‌లూ అంతే. శాసనాల్లో హిజ్రీ సంవత్సరం ఉంటుంది. దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే మన లెక్కలో ఏడాది అటూఇటూగా వస్తుంది. ఉదాహరణకు 827 ఇస్తే 1424 వస్తుంది. హిజ్రీ సంవత్సరం జనవరిలో మొదలవదు కాబట్టి ఒక ఏడాది తేడా ఉంటే కంగారు పడక్కర్లేదు. చేతిలో ఒక టార్చి, వీలైతే బైనాక్యులర్ ఉంచుకోండి. గోపురాల కింది పనితనం మామూలు కంటికి అందదు.

ప్రతిచోటా ఒకే ప్రశ్న అడుగుతూ వెళ్లండి: ఈ సుల్తాన్ ఎవరి బలం మీద నిలబడ్డాడు? రాజ్యం పెరగడానికీ విరగడానికీ జవాబు అందులోనే ఉంది.

మొదటి రోజు ఉదయం గుల్బర్గా కోట. ఢిల్లీ సుల్తాన్ ముహమ్మద్ బిన్ తుగ్లక్ మీద దౌలతాబాద్‌లో తిరగబడిన అమీరాన్-ఇ-సదా (నూరేసి ఊళ్ల మీద పెత్తనం ఉన్న) అధికారులు మొదట ఇస్మాయిల్ ముఖ్‌ను గద్దెనెక్కించారు. అతను తప్పుకుని హసన్‌కు దారిచ్చాడు. అలాఉద్దీన్ హసన్ బహమన్ షా అంటే అతనే. ఓరుగల్లు ఏలిన కాపయ నాయకుడు ఈ తిరుగుబాటుకు సాయపడ్డాడు. ఢిల్లీ బెడద పోతే చాలనుకున్నాడు కాబోలు. కొత్త పొరుగువాడు కొద్ది ఏళ్లకే కౌలాస్ కోట లాక్కున్నాడు, తర్వాతి సుల్తాన్ మొదటి ముహమ్మద్ షా గోల్కొండ తీసుకున్నాడు. కోటలోని జామా మసీదు ఈ ముహమ్మద్ కాలానిదే, 1367 నాటిది. అందులో తెరిచిన ముంగిలి కోసం వెతక్కండి, లేదు. మొత్తం గోపురాలతో కప్పేశారు: మిహ్రాబ్ (మక్కా దిక్కు చూపే గోడ గూడు) ముందు ఒక పెద్ద గోపురం, నాలుగు మూలలా నాలుగు, మిగతా అంతా చిన్నవి. పక్క వసారాల్లోకి వెళ్లి కమానులు ఎంత వెడల్పుగా, ఎంత కిందినుంచి లేస్తాయో గమనించండి. చాలామంది కోటలో ఫిరంగి దగ్గర ఫొటోలు దిగి, మసీదును గుమ్మంలోంచి చూసి వెనుదిరుగుతారు. సమయం ఇవ్వాల్సింది మసీదుకు.

మధ్యాహ్నం ముందు కోట పడమర వైపున్న తొలి సుల్తానుల సమాధులు, తర్వాత హఫ్త్ గుంబజ్ అనే సమాధుల గుంపు. ఈ క్రమం తప్పితే మార్పు కనబడదు. తొలి సమాధులు ఒకే గది, లోపలికి వాలిన గోడలు, పైన బల్లపరుపు గోపురం. ఢిల్లీ తుగ్లక్‌ల పద్ధతి అది. ఢిల్లీని ఎదిరించి వచ్చినా చేతికి తెలిసిన పని అదే మరి. హఫ్త్ గుంబజ్‌లో చివరిదైన ఫిరోజ్ షా (1397–1422) సమాధికి వచ్చేసరికి రెండు గదులు, రెండు గోపురాలు, బయట రెండంతస్తుల కమానులు, చూరును మోసే చెక్కిన రాతి బ్రాకెట్లు. ఆ బ్రాకెట్లు ఇక్కడి గుళ్ల శిల్పుల చేతి పని పోలికలతో ఉంటాయి. సాయంత్రం బందా నవాజ్ దర్గాకు వెళ్లండి. ఫిరోజ్‌కూ ఆ సూఫీకీ పొసగలేదు. ఆయన దీవెన ఫిరోజ్ తమ్ముడు అహ్మద్‌కు దక్కింది, 1422లో గద్దె కూడా.

రెండో రోజు 110 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి బీదర్ చేరాక ముందు కోట. రాతిలో తొలిచిన మూడు వరుసల కందకం దగ్గర ఆగి, ఆ తర్వాతే లోపలికి వెళ్లండి. సోలా ఖంబా మసీదు 1423–24 నాటిది. రాజధాని మారకముందే ఇక్కడ పని మొదలైందని ఆ తేదీ చెబుతుంది. రంగీన్ మహల్ ముత్యపు చిప్పల పని చూసి బహమనీల వైభవమని రాసుకుంటే తప్పు. అది బహమనీల తర్వాత బీదర్ ఏలిన బరీద్‌షాహీ వంశపు అలీ బరీద్ చేయించింది.

మహమూద్ గవాన్ మదర్సాను మూడో రోజుకు ఉంచి, పొద్దున్నే వెళ్లండి. దాని ముఖం తూర్పుకు ఉంటుంది, ఎండ నేరుగా పడినప్పుడే పలకల రంగు తెలుస్తుంది. 1472 నాటి ఈ కట్టడం దక్కన్‌లో ఉన్నా చూపు ఇరాన్ వైపే. ఉత్తరపు మినార్ మిగిలింది. దక్షిణ భాగం ఔరంగజేబు కాలంలో లోపల దాచిన మందుగుండు పేలి కూలిపోయింది. గవాన్ గీలాన్ నుంచి వచ్చిన వ్యాపారి, తర్వాత వజీరు. సుల్తానులు స్థానిక ప్రభువులైన దక్కనీలకు పగ్గాలు వేయడానికి సముద్రం దాటి వచ్చిన ఆఫాకీలను తెచ్చుకుంటూ పోయారు. పనిమంతులు దొరికారు, కానీ దర్బారు రెండుగా చీలింది.

గవాన్ చేసిన మార్పులు ఇక్కడే నిలబడి గుర్తు చేసుకోండి. రాజ్యంలోని నాలుగు తరఫ్‌లను, అంటే రాష్ట్రాలను, ఎనిమిది చేశాడు. తెలంగాణను వరంగల్, రాజమండ్రిగా విడగొట్టాడు. తరఫ్‌ను ఏలే తరఫ్‌దారు చేతిలో ఒక్క కోటే ఉంచి మిగతావాటికి సుల్తానే కిలేదార్లను (కోట అధికారులను) పంపేలా చేశాడు. చూపించాల్సినంత సైన్యం చూపించకపోతే డబ్బులో కోత. రాజ్యానికి మంచిదే, ప్రభువులకు మాత్రం కడుపు మంట. గవాన్ ముద్ర వేసిన ఖాళీ కాగితం సంపాదించి, ఒడిశా గజపతికి దండెత్తి రమ్మని రాసినట్టు ఉత్తరం తయారుచేశారు. మూడో ముహమ్మద్ షా విచారణ లేకుండా 1481 ఏప్రిల్ 5న అతని తల తీయించాడు. ఆ పని జరిగింది మన కొండపల్లి విడిదిలో. మరుసటి ఏడాది సుల్తానూ పోయాడు.

అక్కణ్నుంచి మూడు కిలోమీటర్ల దూరంలో బీదర్ సుల్తానుల సమాధులున్న అష్టూర్‌కు. దారిలో ఖలీలుల్లా చౌఖండి అనే ఎనిమిది కోణాల కట్టడం దగ్గర ఆగండి. అహ్మద్ షా వలీ (1422–36) సమాధి లోపల చీకటి, కళ్లు అలవాటుపడేదాకా అయిదు నిమిషాలు కదలకండి. అప్పుడు బంగారు, ఎరుపు, నీలం రంగుల రాతలు బయటపడతాయి. చిత్రాల మీద ఫ్లాష్ వాడకండి. హుమాయూన్ (1458–61) సమాధి పిడుగుపాటుకు సగం విరిగింది. గోపురం, గోడ ఎలా కట్టారో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

ఇక్కడే పొరపాటు పడే చోటు. సమాధి పెద్దదైతే సుల్తాన్ బలవంతుడని లెక్క వేయకండి. మహమూద్ షా (1482–1518) సమాధి గంభీరంగానే ఉంటుంది, కానీ అతను పన్నెండేళ్లకు గద్దెనెక్కి మంత్రి కాసిం బరీద్, ఆపైన అతని కొడుకు చేతిలో బొమ్మగా ఉన్నవాడు. 1490 ప్రాంతంలోనే అహ్మద్‌నగర్, బీజాపూర్, బేరార్ తరఫ్‌దార్లు ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. అతని తర్వాతి నలుగురి సమాధులు వెతికితేగానీ కనబడవు. చివరివాడు కలీముల్లా, బాబరుకు సాయం కోసం ఉత్తరం రాసినవాడు.

సాయంత్రం ఊరికి పడమరనున్న బరీద్‌షాహీ సమాధులు చూసి హైదరాబాద్ తిరిగొచ్చాక, తీరిక దొరికిన రోజు గోల్కొండ బాలాహిసార్ దర్వాజా దగ్గరి మసీదుకు వెళ్లండి. 1518లో కుతుబ్‌షాహీల మూలపురుషుడు కులీ కుతుబ్ కట్టించింది. శాసనంలో ఏలికగా చెక్కించిన పేరు ఆ మహమూద్ షా బహమనీదే.