పైసలు పెట్టి కొన్న గేమ్ ఓపెన్ అయితలేదా? ముందుగాల ఇవి చూసుకోండ్రి

హనుమకొండ చౌరస్తా దగ్గర సిస్టమ్ రిపేర్ షాపుల తొమ్మిదేండ్ల సంది పనిచేస్తున్న, గేమ్ ఓపెన్ అయితలేదన్నా అని సీపీయూ పట్టుకొని వచ్చేటోళ్లల్ల చాలామంది ఒరిజినల్ కొన్నోళ్లే ఉంటరు. క్రాక్ ఎక్కించుకున్నోడు తాళం పలగ్గొట్టి లోపలికి పోయిండు, రసీదు చేతిల ఉన్నోడేమో దర్వాజ కాడ నిలబడ్డడు. ఇది నాకు మస్తు బాధ అనిపిస్తది. కాపీ కొట్టకుండ పెట్టే ఆ తాళాన్నే డీఆర్ఎం అంటరు. గేమ్ ఖరాబ్ కాకున్నా ఈ తాళం మొండికేస్తే గేమ్ రాదు, అందుకే ఊకె డిలీట్ చేసి మళ్ల డౌన్‌లోడ్ పెట్టే ముందు కింద ఉన్నవాటిల్ల మీ సమస్య ఏదో చూసుకోండ్రి.

సీడీ తిరుగుతది, గేమ్ రాదు

మొన్న కాజీపేట నుంచి రైల్వేల రిటైరైన సార్ ఒకాయన వచ్చిండు. కొడుకు చిన్నగున్నప్పుడు కొనిచ్చిన సీడీ, డబ్బా లోపల స్టిక్కర్ మీద కీ నంబర్ గూడ చెక్కుచెదరలే, ఇప్పుడు మనవడికి ఆడించి చూపియ్యాలని ఆయన ఆశ. డ్రైవ్‌ల పెట్టినం, గిర్రున తిరిగింది, లైట్ రెండుసార్లు కొట్టుకున్నది, ఆగిపోయింది. ఎర్రర్ గూడ రాలే. గీతలు పడ్డయేమో అని సార్ చొక్కా అంచుతోని తుడుస్తనే ఉన్నడు.

గీతలు కారణం కాదు. అప్పటి సీడీలకు సేఫ్‌డిస్క్, సెక్యూరామ్ అనే తాళాలు ఉండేటివి. సేఫ్‌డిస్క్ నడవాలంటే విండోస్‌ల సెక్‌డీఆర్‌వీ అనే డ్రైవర్ ఉండాలె, అది సిస్టమ్ లోతుల దాకా పోయే డ్రైవర్, దాంట్ల సెక్యూరిటీ లొసుగులు ఉన్నయి. 2015ల విండోస్ 10 వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ దాన్ని పక్కకు పెట్టింది, అదే ఏడు సెప్టెంబర్‌ల అప్‌డేట్ ఇచ్చి విండోస్ 7, 8లల్ల గూడ బంద్ చేసింది. మైక్రోసాఫ్ట్ చేసింది తప్పని నేననను, తాళం పెట్టినోళ్లే కొన్నోళ్ల గురించి ఆలోచించలే.

ఏం చేయాలంటే, ఆ డ్రైవర్ ఫైల్ నెట్‌ల దొరుకుతది గని దాన్ని ఎక్కియ్యకుండ్రి. ఆ గేమ్‌కు కంపెనీ ఇచ్చిన ఆఖరి ప్యాచ్, అంటే గేమ్‌ను సరిచేసే అప్‌డేట్, ఏందో చూడుండ్రి, కొన్ని గేమ్‌లకు తర్వాతి ప్యాచ్‌ల సీడీ చెకింగే తీసేసిండ్రు. అది లేకుంటే జీఓజీ అనే గేమ్‌లు అమ్మే సైట్‌ల వెతుకుండ్రి, 2008 నుంచి వాళ్లు పాత గేమ్‌లను తాళం లేకుండ అమ్ముతున్నరు, ఇన్‌స్టాలర్‌ను పెన్‌డ్రైవ్‌ల దాచుకోవచ్చు. రెండూ కుదరకపోతే పాత ఎక్స్‌పీ సిస్టమ్ ఒకటి నెట్ కేబుల్ పీకేసి గేమ్‌లకే పెట్టుకోవాలె. సార్‌కు నేను చేసింది ఈ మూడోదే, మా అటక మీద ఒక ఎక్స్‌పీ సీపీయూ ఉండె, దుమ్ము దులిపి ఇచ్చిన.

యాక్టివేషన్ లిమిట్ అయిపోయిందని వస్తుంది

మన దగ్గర సిస్టమ్ జర స్లో అయితే చాలు ఫార్మాట్ కొట్టుడే, ఈ సమస్య ఎక్కువ అక్కడ్నే మొదలైతది. తాళం మీ సిస్టమ్‌ను పార్టుల బట్టి, విండోస్ బట్టి గుర్తుపడ్తది, ఫార్మాట్ కొట్టినా బోర్డు మార్చినా కొత్త సిస్టమ్ అనుకుంటది. 2008ల స్పోర్ అనే గేమ్‌కు మూడే యాక్టివేషన్లు, అంటే మూడు సిస్టమ్‌ల మీదనే తాళం తీసుకునే అవకాశం, ఇచ్చిండ్రు, కొన్నోళ్లు గట్టిగ లొల్లి చేస్తే ఐదు చేసిండ్రు, తర్వాత పాత సిస్టమ్‌ను లిస్ట్‌లకెళ్లి తీసేసే టూల్ గూడ ఇచ్చిండ్రు.

ఇప్పటి డెనువో అనే తాళంతోని ఇంకో తీరు, గేమ్‌లు అమ్మే స్టీమ్ సైట్‌ల చాలా గేమ్‌ల పేజీలోనే రాసి ఉంటది, ఒక్క రోజుల 5 సిస్టమ్‌లు అని. ఒక్కటే సిస్టమ్ ఉన్నోనికి ఇదెట్ల దాటుతది అంటరు గని లినక్స్ల ఆడేటోళ్లకు దాటుతది, విండోస్ గేమ్‌లను లినక్స్‌ల నడిపించే ప్రోటాన్ వెర్షన్ మార్చినప్పుడల్లా దాన్ని కొత్త సిస్టమ్ కింద లెక్కపెడ్తది. ఎన్‌ఐటీ హాస్టల్ నుంచి ఒక తమ్ముడు ఇట్లనే వచ్చిండు, ఏ వెర్షన్‌ల మంచిగ నడుస్తదో చూద్దామని రాత్రంత మార్చుకుంట కూసున్నడట, తెల్లారేసరికి లాక్. దీనికి చేసేది ఏం లేదు, 24 గంటలు ముట్టకుండ ఉండాలె, తర్వాత ఒక్క వెర్షన్ మీదనే ఉండాలె. పాత గేమ్ అయితే ఫార్మాట్ కొట్టే ముందు డీయాక్టివేట్ ఆప్షన్ ఉందా అని చూసుకోవాలె, ఫార్మాట్ అయినంక యాదికొస్తే సపోర్ట్‌కు రాసుడే దారి.

నిన్నటిదాక నడిచింది, ఇయ్యాల లాగిన్ అయితలేదు, నెట్ మంచిగనే ఉంది

గడియారం చూడుండ్రి. కుడి దిక్కు కింద మూల తారీఖు ఎంత ఉంది? సెలవులకు ఊరికి పోయి నెల తర్వాత వచ్చి ఆన్ చేస్తే ఏండ్ల కిందటి తారీఖు చూపిస్తుంటది, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ల తీరుగ ఉండే బ్యాటరీ అయిపోయినట్టు. తారీఖు తప్పు ఉంటే సర్వర్ సర్టిఫికెట్ చెల్లదు, లాంచర్, అంటే గేమ్‌ను తెరిచే స్టీమ్ లాంటి ప్రోగ్రామ్, సర్వర్‌తోని మాట్లాడలేదు, లైసెన్స్ రాదు. సీఆర్ 2032 అని అడిగితే ఏ ఎలక్ట్రికల్ షాపుల అయినా వంద రూపాయల లోపు ఇస్తరు. వేసి, తారీఖు సరిచేసి, లాంచర్ మొత్తం మూసి మళ్ల తెరవుండ్రి. దీనికోసం ఫార్మాట్ కొట్టించుకొని పైసలు పోగొట్టుకున్నోళ్లను చూసిన, అందుకే ఇంత గట్టిగ చెప్తున్న.

నెట్ పోతే ఒక్కళ్లం ఆడే గేమ్ గూడ రాదు

గాలిదుమారం వచ్చి కేబుల్ తెగితే రెండు రోజులు నెట్ ఉండదు, గేమ్ ఏమో కథ గేమ్, ఎవ్వరితోని కలిసి ఆడేది కాదు, అయినా తెరుచుకోదు. 2010ల యుబిసాఫ్ట్ అసాసిన్స్ క్రీడ్ 2 పీసీ గేమ్‌కు ఎప్పుడూ నెట్ ఉండాలన్నది, మార్చిల వాళ్ల సర్వర్ల మీద దాడి జరిగితే కొన్నోళ్లు ఆడలేకపోయిండ్రు. 2013ల సిమ్‌సిటీ గూడ అంతే, మొదటి రోజుల్ల సర్వర్లు కూలబడ్డయి, నెట్ లేకుండ ఆడే ప్యాచ్ రావడానికి ఏడాది పట్టింది, 2014 మార్చిల వచ్చింది.

మీ గేమ్ స్టీమ్‌ల ఉంటే నెట్ ఉన్నప్పుడే ఒక్కసారి గేమ్ తెరిచి మెనూ దాక పోయి మూసెయ్యుండ్రి, ఆ తర్వాత స్టీమ్ మెనూల గో ఆఫ్‌లైన్ కొట్టి మళ్ల తెరిచి చూడుండ్రి. అప్‌డేట్ వచ్చినంక, విండోస్ మారినంక ఇదే మళ్ల చేయాలె. నెట్ పోయినంక యాదికొస్తే మొబైల్ హాట్‌స్పాట్ పెట్టుండ్రి, లైసెన్స్ చెక్‌కు డేటా ఎక్కువ పోదు, గని ఆటో అప్‌డేట్ బంద్ చేసుడు మర్చిపోతే ఫోన్ డేటా మొత్తం ఊడ్చుకపోతది.

కొత్త ప్రాసెసర్ వేసినంక గేమ్ క్రాష్ అయితుంది

2021 నవంబర్‌ల వచ్చిన ఇంటెల్ 12వ జనరేషన్ సంది చాలా ప్రాసెసర్లల్ల పెద్ద కోర్లు, చిన్న కోర్లు అని రెండు రకాలు ఉంటున్నయి. కొన్ని గేమ్‌ల తాళం ఆ చిన్న కోర్లను చూసి ఇది వేరే సిస్టమ్ అనుకున్నది, గేమ్ మధ్యలనే ఆగిపోయింది. తర్వాత చాలావాటికి ప్యాచ్‌లు వచ్చినయి, అందుకే ముందు విండోస్, గేమ్ రెండూ అప్‌డేట్ చెయ్యుండ్రి. అప్పటికీ కాకపోతే బయోస్‌ల, అంటే సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్‌లల్ల, లెగసీ గేమ్ కంపాటిబిలిటీ మోడ్ ఆన్ చేసి, గేమ్ తెరిచే ముందు స్క్రోల్ లాక్ కొట్టుండ్రి, చిన్న కోర్లు పక్కకు జరుగుతయి. ఆడుడు అయినంక మళ్ల కొట్టాలె.

గేమ్ ఆగి ఆగి నడిస్తే మాత్రం వెంటనే తాళం మీద వేయకుండ్రి, ముందు డ్రైవర్, హార్డ్ డిస్క్, వేడి చూడాలె. తాళం వల్ల గూడ అయితదన్నది నిజమే, రెసిడెంట్ ఈవిల్ విలేజ్‌ల 2021ల అదే జరిగింది, క్రాక్ కాపీ ఒరిజినల్ కంటే సాఫీగ నడిచింది, క్యాప్‌కామ్ జూలైల ప్యాచ్ ఇచ్చినంక సరైంది.

సర్వరే మూసేసిండ్రు

దీనికి నా దగ్గర మందు లేదు. ద క్రూ అనే గేమ్ సర్వర్లు 2024 మార్చి 31న బంద్ చేసిండ్రు, 2014ల కొన్నోళ్లు గూడ ఒక్కళ్లు కూసొని ఆడలేకపోయిండ్రు. అందుకే కొనే ముందు స్టీమ్ పేజీల కుడి దిక్కు ఉండే డబ్బా చదువుండ్రి, థర్డ్ పార్టీ డీఆర్ఎం అని, వేరే అకౌంట్ కావాలని అక్కడ్నే రాస్తరు. కొన్న రోజే తెరిచి చూడుండ్రి, సేల్‌ల కొని పక్కకు పెట్టకుండ్రి, ఎందుకంటే స్టీమ్‌ల 14 రోజుల లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉంటేనే పైసలు వాపస్ అడగొచ్చు, గేమ్ తెరిచి పెట్టి ఎర్రర్ స్క్రీన్ ముందట కూసున్న టైమ్ గూడ అందుల కలుస్తది.

ఇగ విసుగొచ్చి, కొన్న గేమే కదా క్రాక్ వేసుకుంటే ఏమైతది అని అడుగుతరు. ఆ కోపం నాకు అర్థమైతది. గని యాంటీవైరస్ బంద్ చేయమని చెప్పే ఫైల్ అది, దాన్ని రన్ చేసి కొన్న అకౌంటే పోగొట్టుకున్న పిల్లగాడు జగిత్యాల నుంచి నా దగ్గరికి వచ్చిండు, గేమ్‌లన్ని దాంట్లనే ఉండె.

ఏదీ పనిచేయకపోతే సపోర్ట్‌కు టికెట్ పెట్టుండ్రి. కొన్నప్పుడు వచ్చిన మెయిల్, ఆర్డర్ నంబర్, ఎర్రర్ స్క్రీన్ ఫోటో, విండోస్ వెర్షన్, ఫార్మాట్ ఎప్పుడు కొట్టిండ్రో ఆ తారీఖు, ఇవన్ని మొదటి మెసేజ్‌లనే పంపుండ్రి, లేకపోతే ఒక్కొక్కటి అడుక్కుంటనే వారం గడుపుతరు. ఒకటే సమస్యకు రెండు టికెట్లు పెట్టకుండ్రి.