పేరు రాయకపోతే సరిపోతుందా? నర్సులు పోస్టు పెట్టే ముందు చూసుకోవాల్సినవి

"పేషెంట్ పేరు రాయలేదు కదా, ఇంకేంటి ఇబ్బంది?" అని చాలామంది నర్సులు అడుగుతుంటారు. సరే, ఈ పోస్టు చూడండి: "నిన్న నైట్ డ్యూటీలో కవలల డెలివరీ. ఒక బిడ్డ దక్కలేదు. ఇంకా ఏడుపొస్తోంది." పేరు లేదు, ఊరు లేదు, ఫొటో లేదు. కానీ రాసినామె ప్రొఫైల్‌లో ఆస్పత్రి పేరుంది, లేబర్ రూమ్‌లో పనిచేస్తుందని పాత ఫొటోలే చెబుతున్నాయి, తేదీ ఎలాగూ పోస్టు మీదే ఉంటుంది. ఆ రాత్రి అక్కడ కవలలు పుట్టింది ఒక్కరికే. ఆ బాలింత ఆడపడుచు కంట పడితే ఎవరి గురించో చెప్పక్కర్లేదు, ఇంట్లో పెద్దావిడకి ఇంకా చెప్పకుండా దాచిన విషయం కాస్తా అలా బయటికొచ్చేస్తుంది.

అందుకే పోస్టు బటన్ నొక్కే ముందు, ముక్కూమొహం తెలియనివాళ్లు గుర్తుపడతారా అని ఆలోచించి లాభం లేదు. ఆ పేషెంటో, వాళ్ల ఇంట్లోవాళ్లో చదివితే "ఇది మన గురించే" అనుకుంటారా అని చూసుకోండి. ఏ కాస్త అనుమానమున్నా ఆపేయండి.

ఇంకా గట్టిగా సరిచూసుకోవాలంటే ఒక జాబితా ఉంది. అమెరికాలో పేషెంట్ల వివరాల గోప్యతని కాపాడే 1996 నాటి హిపా (HIPAA) చట్టం కింద ఉన్న నిబంధనల్లో, వివరాలు చూసి పేషెంట్‌ని గుర్తుపట్టకుండా ఉండాలంటే ఏమేం తీసేయాలో 18 రకాలు రాశారు. ఆ చట్టం మీకు వర్తించకపోయినా జాబితా మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది. పేరు, ఫోన్ నంబరు, ముఖం కనిపించే ఫొటో సరే, ఎవరైనా ఊహిస్తారు. అడ్మిట్ అయిన తేదీ, డిశ్చార్జ్ తేదీ, చనిపోయిన తేదీ కూడా అందులో ఉన్నాయి, సంవత్సరం ఒక్కటే ఉంచొచ్చు. కేస్ షీట్ మీది నంబరు, పరికరాల సీరియల్ నంబర్లు, 89 ఏళ్లు దాటినవాళ్ల వయసు కూడా తీసేయాల్సిందే (అంత వయసువాళ్లు ఒక చోట ఎంతమంది ఉంటారు చెప్పండి). ఇవన్నీ తీసేశాక కూడా అరుదైన జబ్బో, వార్తల్లోకెక్కిన యాక్సిడెంటో అయితే దొరికిపోతారు. "ఆయన పోయారుగా, ఇప్పుడు చెబితే ఏమైంది" అనేవాళ్లకి ఒక మాట: అదే చట్టం చనిపోయాక 50 ఏళ్ల వరకు ఆ వివరాలు కాపాడమంటుంది.

ఫొటోలు, రీల్స్ సంగతి

డ్యూటీ ఏరియాలో ఫోన్ కెమెరా తియ్యకపోవడమే మేలు, ఇందులో నాకు మొహమాటం లేదు. రీల్ చేయాలనుంటే స్టాఫ్ రూమ్‌లోనో, బయటో చేసుకోండి, అదీ ఆస్పత్రి రూల్స్ ఒప్పుకుంటేనే. వార్డులో సెల్ఫీ తీస్తే మీరు మీ ముఖమే చూసుకుంటారు, వెనక బోర్డు మీద బెడ్ నంబరు పక్కన రాసిన పేర్లు, మానిటర్ స్క్రీన్, తెరిచి ఉన్న కేస్ షీట్, కర్టెన్ పక్కనుంచి కనిపించే టాటూ ఉన్న చెయ్యి, ఇవన్నీ చూసేవాళ్లు జూమ్ చేసి మరీ చూస్తారు. వీడియో అయితే మాటలు కూడా పడతాయి, వెనక ఎవరో పేషెంట్‌ని పేరు పెట్టి పిలుస్తారు, మీకు అలవాటైన శబ్దం కాబట్టి చెవికెక్కదు. ఫోన్‌లోని మార్కర్‌తో పేరు మీద గీసేస్తే సరిపోయిందనుకోకండి, బ్రైట్‌నెస్ పెంచితే కింది అక్షరాలు కనిపించే సందర్భాలున్నాయి.

పేషెంట్ సరేనన్నారా? మంచం మీద పడుకుని, మందులకీ నీళ్లకీ మీ మీదే ఆధారపడిన మనిషి కాదనగలరా? కాదంటే సరిగ్గా చూసుకోరేమోనన్న భయం ఉంటుంది. చికిత్సకి పెట్టిన సంతకం ఫొటోకి పనికిరాదు. చదువు కోసమో కేసు ప్రజెంటేషన్ కోసమో ఫొటో కావాలంటే ఆస్పత్రి ద్వారా, ఎందుకు వాడతారో రాసి, విడిగా సంతకం తీసుకుని, ఆస్పత్రి కెమెరాతోనే తీయండి.

వాట్సాప్ గ్రూపులు

అసలు ఎక్కువ లీకయ్యేది ఇక్కడే అని నా అభిప్రాయం. డ్యూటీ గ్రూపులో ల్యాబ్ రిపోర్టు ఫొటో పెడితే అది గ్రూపులో ఉన్న ఫోన్ల గ్యాలరీల్లోకి దిగొచ్చు, అక్కడినుంచి క్లౌడ్ బ్యాకప్‌లోకి, ఇంట్లో పిల్లలు ఆడుకునే ట్యాబ్‌లోకి కూడా. ఉద్యోగం మానేసిన స్టాఫ్ ఇంకా గ్రూపులోనే ఉంటారు, ఎవరూ తీసెయ్యరు. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉందిగా అంటారు. అది దారిలో ఎవరూ చదవకుండా ఆపుతుందంతే, చేరిన చోట స్క్రీన్‌షాట్ తీసేవాళ్లని ఆపదు. ఒక్కసారే కనిపించేలా పంపినా పక్క ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు.

ఆస్పత్రి ఇచ్చిన సిస్టమ్ ఉంటే అదే వాడండి, నెమ్మదిగా ఉన్నా సరే. లేదంటే గ్రూపులో "ఒకసారి ఫోన్ చేయండి, రిపోర్ట్ వచ్చింది" అని మాత్రం రాసి, అసలు విషయం ఫోన్‌లో చెప్పండి. మీడియా ఆటోమేటిక్‌గా సేవ్ అయ్యే సెట్టింగ్ ఆపండి. నర్సింగ్ స్టేషన్ కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి వదిలేసి ఇంటికి వెళ్లిపోతుంటారు, మీ ఫోన్‌లో వాట్సాప్ లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్లి ఒకసారి చూడండి. అన్నట్టు, డ్యూటీ మారేటప్పుడు తర్వాతివాళ్లకి ఇచ్చే హ్యాండోవర్ నోట్స్ చక్కగా రాసిపెట్టమని ఏఐ చాట్‌లో కేస్ షీట్ అతికించడం కూడా బయటివాళ్లకి ఇవ్వడం కిందే లెక్క.

పేషెంట్ తనే పోస్టు పెడితే? ఆయన ఆపరేషన్ గురించి ఆయన ఏమైనా రాసుకోవచ్చు, ఆ స్వేచ్ఛ మీకు రాదు. "కుట్లు ఎండాయా సార్?" అని కింద కామెంట్ పెడితే ఆయన మీ పేషెంట్ అని మీరే నలుగురికీ చెప్పినట్టు. ఏదైనా అడిగితే "వార్డు నంబరుకి ఫోన్ చేయండి" అనండి, అది కూడా కామెంట్‌లో వద్దు. ఫ్రెండ్ రిక్వెస్ట్ వస్తే మర్యాదగా వదిలేయండి, ఎదురుపడి అడిగితే డ్యూటీ నియమం అని చెప్పొచ్చు, అర్థం చేసుకుంటారు. ఆస్పత్రి మీద అబద్ధపు రివ్యూ రాసినా "అసలు జరిగింది ఇది" అంటూ చికిత్స వివరాలతో జవాబివ్వకండి, ఒళ్లు మండినా సరే, అది ఆస్పత్రి చూసుకుంటుంది.

మరి మనసులో బాధ ఎక్కడ చెప్పుకోవాలి? మీ గురించి రాసుకోండి, "ఈ వారం చాలా బరువుగా గడిచింది" అంటే ఎవరి రహస్యమూ బయటపడదు. కేసు గురించే మాట్లాడాలనిపిస్తే ఆ డ్యూటీలో ఉన్నవాళ్లతో, తలుపు వేసుకుని మాట్లాడండి. లిఫ్టులో వద్దు.

పోస్టు పెట్టేశాక తప్పని తెలిస్తే వెంటనే తీసేయండి, కానీ తీసేసి ఊరుకోకండి. ఎప్పుడు పెట్టారు, ఎంతసేపుంది, ఎవరెవరు చూసుండొచ్చు రాసుకుని ఇన్‌చార్జ్‌కి మీరే చెప్పండి. స్క్రీన్‌షాట్ ద్వారా వాళ్లకి తెలిసే లోపు మీ నోటితో తెలిస్తే పేషెంట్‌కి చెప్పడానికీ, నష్టం ఆపడానికీ సమయం ఉంటుంది. తోటి నర్సు అలాంటిది పెడితే ముందు ఆమెకే ఫోన్ చేసి తీయించండి, ఆ తర్వాత ఇన్‌చార్జ్‌కి ఆమెనే చెప్పమనండి, చెప్పకపోతే మీరు చెప్పండి. "చూశావా ఏం పెట్టిందో" అంటూ ఆ స్క్రీన్‌షాట్‌ని ఇంకో గ్రూపులో వేస్తే మాత్రం అదే లీకు రెండోసారి మీ చేతుల మీదుగా జరిగినట్టు.