తలుపు చట్రాలు, కిటికీలు, స్కర్టింగ్: రంగు ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

గోడల రంగు బాగానే కుదిరినా గది ఎందుకో తేడాగా ఉందనిపిస్తే ముందు తలుపు చట్రాలు, కిటికీలు, స్కర్టింగ్ (గోడ అడుగున నేలను ఆనుకుని ఉండే పట్టీ) చూడండి. రంగు మారిస్తే సరిపోతుందని చాలామంది ఇంకో డబ్బా తెస్తారు. చెక్కపని మీద తప్పు రంగులో కన్నా మెరుపులోనో, కింది పొరలోనో ఉండడమే ఎక్కువ. అక్కడ కారణం పట్టుకోకుండా ఎన్ని కోట్లు వేసినా అదే కథ.

తెల్లరంగే వేశాం, కానీ గోడ పక్కన మాసినట్టు కనిపిస్తోంది

ప్రతి తెలుపులోనూ కాస్త పసుపో, బూడిదో, నీలమో కలిసి ఉంటుంది. విడిగా చూస్తే తెలియదు. స్వచ్ఛమైన తెల్లగోడ పక్కన మీగడ తెలుపు చట్రం పెడితే మాత్రం చట్రం మాసినట్టే ఉంటుంది. షేడ్ కార్డును తెల్లకాగితం మీద పెట్టి చూడండి, లోపలి ఛాయ వెంటనే బయటపడుతుంది.

కార్డు ముక్కతో నిర్ణయం తీసుకోవద్దు. అడుగు పొడవున్న చెక్కముక్కకు రెండు కోట్లు వేసి, ఆరాక స్కర్టింగ్ ఉండేచోట గోడకు నిలబెట్టండి. చేత్తో పడుకోబెట్టి పట్టుకుంటే పైనుంచి పడే వెలుగుకు రంగు లేతగా కనిపించి మోసం చేస్తుంది. పగలోసారి, రాత్రి లైట్ల కింద ఇంకోసారి చూడండి. 2700 కెల్విన్ బల్బు (పసుపు వెలుగు ఇచ్చేది) కింద నీలిఛాయ తగ్గి పసుపు పెరుగుతుంది. ఎర్రటి నేల ఉంటే దాని రంగు కూడా స్కర్టింగ్ మీద పడుతుంది.

మా సలహా: గోడదీ చట్రందీ ఒకే తెలుపు తీసుకుని మెరుపు మాత్రం మార్చండి, లేదా చూడగానే తెలిసేంత తేడా ఉంచండి. అటూ ఇటూ కాని తేడా పొరపాటు జరిగినట్టు కనిపిస్తుంది.

ఒకే నంబరు రంగు వేసినా చట్రం ముదురుగా ఉంది

రంగు కలపడంలో తప్పేం లేదు. మ్యాట్, అంటే మెరుపు లేని ఉపరితలం వెలుగును అన్నివైపులా చెదరగొడుతుంది కాబట్టి లేతగా కనిపిస్తుంది. మెరిసేది ఒకేవైపు తిప్పికొడుతుంది, మిగతా కోణాల్లో రంగు చిక్కగా ఉంటుంది. రెండూ దగ్గరగా ఉండాలంటే గ్లాస్ (gloss, బాగా మెరిసే రకం) వదిలి శాటిన్‌కు (ఓ మోస్తరుగా మెరిసే రకం) రండి.

ప్రతి గుంటా, ప్రతి బ్రష్ గీతా కనిపిస్తోంది

ఇది ఎక్కువగా మెరుపు సమస్య. 60 డిగ్రీల కోణంలో కొలిస్తే శాటిన్ సుమారు 20–35, సెమీగ్లాస్ 35–70, గ్లాస్ 70 మెరుపు యూనిట్ల పైన ఉంటుంది. మెరుపు పెరిగేకొద్దీ లోపాలూ పెరిగినట్టు కనిపిస్తాయి. పాత చెక్క, దెబ్బలు తిన్న చట్రం అయితే శాటిన్ చాలు. చేతులు తగిలే తలుపులకు సెమీగ్లాస్ మంచిది. చెక్క అద్దంలా నునుపుగా ఉంటే తప్ప గ్లాస్ జోలికి పోవద్దు. అలాగని మ్యాట్ వేస్తే తడిగుడ్డ మరకలు స్కర్టింగ్ మీద ఉండిపోతాయి.

బ్రష్ గీతలకు ఇంకో కారణం, ఆరడం మొదలైన రంగును మళ్లీ మళ్లీ రుద్దడం. నీటి ఎనామెల్ (నీళ్లతో పలచన చేసే, చెక్కపనికి వాడే గట్టి రంగు) నిమిషాల్లోనే బిగుసుకుంటుంది. చట్రం నిలువుపట్టీ ఒక్కోటి ఒకే దఫాలో పూర్తిచేసి, చివరి తోపు పైనుంచి కిందికి తేలిగ్గా లాగి వదిలేయండి.

గోరు పెడితే పొరలా ఊడొస్తోంది

పాత ఆయిల్ పెయింట్ మీద రాపిడి లేకుండా నీటి పెయింట్ వేసినప్పుడు ఇలా అవుతుంది. నున్నటి ఆయిల్ పొర పైపొరకు పట్టు ఇవ్వదు. అనుమానం ఉంటే దూదిని మెథిలేటెడ్ స్పిరిట్‌లో తడిపి ఓ మూల గట్టిగా రుద్దండి. రంగు మెత్తబడి దూదికి అంటితే అది నీటి పెయింట్. అంటకపోతే ఆయిల్ పెయింట్ అనుకోవచ్చు.

ఊడుతున్నదంతా గీకేయండి. సబ్బునీళ్లతో జిడ్డు పోయేలా కడిగి, మంచినీళ్లతో తుడిచి ఆరనివ్వండి. గీకిన అంచులను 120 నంబరు శాండ్‌పేపర్‌తో చదును చేసి, మొత్తం చట్రాన్ని 180తో మెరుపు చచ్చేదాకా రుద్దండి. పక్కనుంచి టార్చి వేసి చూస్తే మిగిలిన మెరుపు మచ్చలు తెలుస్తాయి. మళ్లీ ఊడేది సరిగ్గా అక్కడే. దుమ్ము తుడిచి బాండింగ్ ప్రైమర్ (నున్నటి పొరకు పట్టుకునే అడుగు పూత) ఒక కోటు, ఆరాక 220తో తేలిక రాపిడి, ఆపై ఎనామెల్ రెండు పల్చటి కోట్లు.

పాతకాలపు ఇళ్ల పెయింట్‌లో సీసం ఉండొచ్చు. గీకడం మొదలుపెట్టే ముందే పరీక్ష చేయించండి. ఉందని తేలితే పొడిగా రుద్దకండి, మంట పెట్టకండి; పిల్లల్ని, గర్భిణుల్ని దూరంగా ఉంచి, ఆ పని తెలిసినవాళ్లకే అప్పగించండి.

తెల్ల చట్రాలు పసుపుపచ్చగా మారాయి

తలుపు వెనక, అలమర లోపల ఎక్కువగా, కిటికీ పక్కన తక్కువగా పచ్చబడితే అది ఆయిల్ ఎనామెలే. వెలుగు తగలనిచోట ఆ నూనె పచ్చబడుతుంది. అమోనియా ఉన్న క్లీనర్లు దాన్ని ఇంకా తొందర చేస్తాయి. దానిమీద మళ్లీ అదే వేస్తే మళ్లీ పచ్చబడుతుంది. 180తో రుద్ది, బాండింగ్ ప్రైమర్ వేసి, అక్రిలిక్ (నీటి) ఎనామెల్‌కు మారండి.

తలుపు చట్రానికి అతుక్కుంటోంది

ముట్టుకుంటే ఆరినట్టున్నా లోపల గట్టిపడలేదన్నమాట. నీటి ఎనామెల్ పూర్తిగా గట్టిపడడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అంతవరకూ తలుపు గడియ పెట్టకుండా ఓరగా ఉంచండి. నెల దాటినా అంటుకుంటుంటే గోడకు వేయగా మిగిలిన ఎమల్షన్‌నే చట్రానికీ వేసి ఉంటారు. అది మెత్తగానే ఉంటుంది. 220తో రుద్ది, చెక్కపనికి తయారైన ఎనామెల్ వేయడమే దారి.

చిన్నవే, కానీ విసిగిస్తాయి

చెక్క ముడుల దగ్గర గోధుమ మచ్చలు తేలితే లోపలి బంక బయటికి వస్తోంది. మామూలు ప్రైమర్ ఆపలేదు, షెల్లాక్ (లక్క) ప్రైమర్ వేయాలి. గోడకూ చట్రానికీ మధ్య సందును లప్పంతో నింపితే పగులుతుంది. చెక్క ఉబ్బుతూ కుంచించుకుంటూ ఉంటుంది కదా. సాగే అక్రిలిక్ సీలెంట్ వాడండి. సిలికాన్ వద్దు, దానిమీద రంగు నిలవదు.

రంగు ఎంత కావాలో లెక్క తేలిక. 15 సెం.మీ. వెడల్పు, చుట్టూ 5 మీటర్లు ఉన్న చట్రం 0.75 చదరపు మీటర్లు. లీటరు ఎనామెల్ ఒక కోటుకు సుమారు 10 చదరపు మీటర్లు వస్తుంది. ఆరు చట్రాలకు రెండు కోట్లంటే 9 చదరపు మీటర్లు, లీటరు చాలు. ఒకే షేడ్‌లో రెండు డబ్బాలు తెస్తే ముందే ఒక బకెట్‌లో కలిపేయండి, లేకపోతే సగం గుమ్మాలు ఒక ఛాయలో, సగం ఇంకో ఛాయలో తేలతాయి.