గీజరు మందగించినా, ప్లగ్గు కాలినా: వోల్టేజి, కరెంటు కొలిచి లోపం తేల్చడం

గీజరులో నీళ్లు ఆలస్యంగా కాగుతుంటే చాలామంది ముందుగా కాయిల్‌నే అనుమానించి మార్పిస్తారు. లోపం కాయిల్‌లో లేకపోతే ఆ ఖర్చంతా వృథా. గీజరు నడుస్తుండగానే దాని టెర్మినళ్ల వద్ద వోల్టేజిని, తీగలో పారే కరెంటును ఒకేసారి కొలిస్తే, లోపం పరికరంలో ఉందో, సరఫరాలో ఉందో కాయిల్‌ను బయటికి తీయకుండానే తెలుస్తుంది. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం ఓమ్‌లలో వస్తుంది, రెండింటినీ గుణిస్తే సామర్థ్యం వాట్లలో వస్తుంది.

కొలిచేటప్పుడు టాంగ్ టెస్టరు (తీగను తెంచకుండా, దాని చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) దవడల మధ్య ఫేజు తీగ ఒక్కటే ఉండాలి. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి పెడితే ఒకదాని ప్రభావాన్ని మరొకటి రద్దు చేయడం వల్ల మీటరు సున్నా చూపిస్తుంది. మల్టీమీటరు ప్రోబు కరెంటు కొలిచే 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండగా వోల్టేజి కొలవబోతే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. నిరోధాన్ని నేరుగా కొలవాలంటే సరఫరా పూర్తిగా తీసేయాలి. కరెంటు ఉన్న టెర్మినళ్ల మీద ఈ కొలతలు తీసే పనిని శిక్షణ పొందిన ఎలక్ట్రీషియన్‌కే అప్పగించాలి.

నీళ్లు కాగడానికి ఎక్కువ సమయం పడుతోంది

గీజరు మీద 2000 వాట్లు, 230 వోల్టులు అని ఉందనుకుందాం. అంటే అది 8.7 ఆంపియర్లు తీసుకోవాలి, కాయిల్ నిరోధం దాదాపు 26.5 ఓమ్‌లు ఉండాలి. కొలిస్తే 180 వోల్టులు, 6.8 ఆంపియర్లు వచ్చాయి. భాగిస్తే మళ్లీ 26.5 ఓమ్‌లే వస్తాయి కాబట్టి కాయిల్‌కు ఏ లోపమూ లేదు. గుణిస్తే మాత్రం 1224 వాట్లే వస్తాయి. వోల్టేజి తగ్గినప్పుడు కరెంటు కూడా దానితోపాటే తగ్గుతుంది కనుక వోల్టేజి 22 శాతం పడితే సామర్థ్యం 39 శాతం పడిపోతుంది. వేడి బయటికి పోదనుకుంటే, 15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు చేరడానికి 18 నిమిషాలు సరిపోవాల్సింది, ఇప్పుడు 30 నిమిషాలు పడుతుంది.

మీటరు బోర్డు వద్ద కూడా 180 వోల్టులే ఉంటే విద్యుత్ పంపిణీ సంస్థకు ఫిర్యాదు చేయాలి. స్టెబిలైజరు పెట్టదలిస్తే అది గీజరు పూర్తి లోడును మోయగలిగినదై ఉండాలి. ఫ్రిజ్‌కు వాడే చిన్న స్టెబిలైజరు దీనికి పనికిరాదు.

వోల్టేజి 230 ఉండి కరెంటు 5 ఆంపియర్లే వస్తే నిరోధం 46 ఓమ్‌లని తేలుతుంది. అప్పుడు తప్పు పరికరంలోనే ఉంది: ఎవరో తక్కువ వాట్ల కాయిల్ వేసి ఉండవచ్చు, లేదా లోపలి కనెక్షన్ చెడి ఉండవచ్చు. కరెంటు సున్నా అయితే కాయిల్ తెగిందో, థర్మోస్టాట్ (నీళ్లు తగినంత కాగగానే కరెంటు ఆపే స్విచ్చు) సరఫరా ఆపేసిందో చూడాలి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో కాయిల్ మీద సున్నం పేరుకుని, కాయిల్ అతిగా వేడెక్కడం కూడా సాధారణమే.

ప్లగ్గు వేడెక్కి నల్లబడుతోంది

అగ్ని ప్రమాదానికి దారితీసే లక్షణం ఇది, దీన్ని ఒక్క రోజు కూడా ఉపేక్షించకూడదు. గీజరు నడుస్తుండగా ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగిపోయే స్విచ్చు) దగ్గర 227 వోల్టులు, గీజరు టెర్మినళ్ల దగ్గర 214 వోల్టులు, కరెంటు 8.1 ఆంపియర్లు ఉన్నాయనుకుందాం. దారిలో 13 వోల్టులు పోయాయి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు కిలోమీటరుకు సుమారు 12 ఓమ్‌ల నిరోధం ఉంటుంది కనుక, రానుపోను 30 మీటర్ల తీగలో పోయేది 3 వోల్టులే. మిగిలిన 10 వోల్టులు ఏదో వదులు కనెక్షన్ దగ్గర పోతున్నాయి. పదిని 8.1తో గుణిస్తే 81 వాట్లు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు మూడు కలిసి ఇచ్చేంత వేడి ఆ ప్లగ్గులోనే పుడుతోందన్నమాట.

దీనికి ఎంసీబీ పడిపోదు. వదులు కనెక్షన్ వల్ల కరెంటు తగ్గుతుందే తప్ప పెరగదు, ఎంసీబీ గమనించేది కరెంటు పెరగడాన్నే. కనుక మెయిన్ ఆపి, సాకెట్టును, ప్లగ్ టాప్‌ను రెండింటినీ ఒకేసారి మార్చాలి. నల్లబడ్డ పిన్నులను గీకి మళ్లీ వాడితే, లోపలి స్ప్రింగు పట్టు అప్పటికే పోయి ఉంటుంది కనుక కొద్ది రోజుల్లో మళ్లీ కాలుతుంది. మాడిన తీగ కొసను మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి, స్క్రూ గట్టిగా బిగించాలి. సాకెట్టు 16 ఆంపియర్లదే ఉండాలి. పని అయ్యాక మళ్లీ కొలిచినప్పుడు తేడా 3, 4 వోల్టులకు దిగాలి.

లెక్కలో వచ్చిన నిరోధం మల్టీమీటరులో రావడం లేదు

100 వాట్ల ఫిలమెంటు బల్బుకు 230 వోల్టుల వద్ద 529 ఓమ్‌లు రావాలి. చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటరు 40 ఓమ్‌ల దరిదాపుల్లో చూపిస్తుంది. బల్బు బాగానే ఉంది, టంగ్‌స్టన్ వేడెక్కే కొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. గీజరు కాయిల్‌లోని నైక్రోమ్‌లో ఈ మార్పు చాలా స్వల్పం కాబట్టి దానికి రెండు కొలతలూ దాదాపు కలుస్తాయి.

మోటారుకు ఈ లెక్క సరిపోవడం లేదు

సింగిల్ ఫేజ్ మోటారు 230 వోల్టుల వద్ద 6.5 ఆంపియర్లు తీసుకుంటే గుణకారంలో 1495 వస్తుంది, కానీ అవి వాట్లు కావు, వోల్ట్ ఆంపియర్లు. పవర్ ఫ్యాక్టరు (వోల్ట్ ఆంపియర్లలో అసలు వాట్లుగా లెక్కకొచ్చే భాగం) 0.75 అయితే అసలు సామర్థ్యం 1121 వాట్లే. భాగహారంలో వచ్చే 35 ఓమ్‌లు కూడా వైండింగు నిరోధం కాదు, ఎందుకంటే నడిచే మోటారులో కరెంటును అడ్డుకునేది తీగ నిరోధం ఒక్కటే కాదు.

లో వోల్టేజిలో మోటారు ప్రవర్తన గీజరుకు పూర్తిగా విరుద్ధం. అదే లోడును లాగడానికి అది ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. కరెంటు 20 శాతం పెరిగితే వైండింగులో వేడి 44 శాతం పెరుగుతుంది, వ్యవసాయ పంపుసెట్లు కాలిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలేను (కరెంటు హద్దు దాటితే మోటారును ఆపేసే భాగాన్ని) మోటారు నేమ్‌ప్లేటు మీద ఉన్న కరెంటుకు సరిచేసి పెట్టాలి. అది మాటిమాటికీ పడిపోతోందని సెట్టింగు పెంచకుండా, మోటారు నడుస్తుండగా స్టార్టరు దగ్గర వోల్టేజి ఎంతుందో ముందు కొలవాలి.