ఒకే నీటితో నడిచే ఉప్పునీటి ట్యాంకులు: సమస్య - పరిష్కారం

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నవారిలో చాలామంది కొంతకాలం గడిచాక దానికి రెండో ట్యాంకును కలపాలనుకుంటారు. చేపలూ పగడాలూ ఉండే పెద్ద ట్యాంకు ఒకటి ఉంటుంది. సముద్రపు నాచు, సముద్రపు గడ్డి, వీలైతే ఒకటి రెండు మడ మొక్కలు పెరిగే రెఫ్యూజియం మరొకటి. చేపల నోటికి చిక్కకుండా కోపిపాడ్ల వంటి చిన్న జీవులు అందులో వృద్ధి చెందుతాయి. రెండింటి నీరూ కింద క్యాబినెట్‌లోని సంపులోకి దిగి, పంపు ద్వారా మళ్లీ పైకి వస్తుంది. రెఫ్యూజియాన్ని సంపులో దాచకుండా హాల్లో అందరికీ కనిపించేలా అమర్చితే అది డిస్‌ప్లే రెఫ్యూజియం.

ఇలాంటి ఏర్పాటులో ఫిర్యాదులు ఎక్కువగా మొక్కల గురించో చేపల గురించో వస్తాయి గానీ, మూలం చాలాసార్లు పైపుల ఎత్తులోనూ నీటిమట్టాల లెక్కలోనూ దొరుకుతుంది. అందువల్ల లోపం వెతికేటప్పుడు ముందు నీటిమట్టం, తర్వాత ప్రవాహం, ఆ తర్వాత వెలుతురు, పోషకాలు, చివరికి జీవుల ఆరోగ్యం అన్న వరుసను పాటించడం మంచిది. లెక్కల కోసం ఒక నమూనా అనుకుందాం: పెద్ద ట్యాంకు 120 సెం.మీ. పొడవు, 50 వెడల్పు, 60 ఎత్తు. రెఫ్యూజియం, సంపు రెండూ 90 సెం.మీ. పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు.

లక్షణం: కరెంటు పోగానే సంపు పొంగి నేల తడుస్తోంది

పంపు ఆగిన క్షణం నుంచి పై ట్యాంకుల్లో ఓవర్‌ఫ్లో (ఎక్కువైన నీరు సంపులోకి దిగే దారి) అంచుకు పైనున్న నీరంతా కిందికి దిగుతుంది. పెద్ద ట్యాంకులో మట్టం 2.5 సెం.మీ. తగ్గితే 15 లీటర్లు, రెఫ్యూజియంలో అంతే తగ్గితే 9 లీటర్లు, పైపుల్లో నిలిచిన నీరు మరికొంత. మొత్తం 30 లీటర్ల దాకా ఉంటుందని లెక్క వేసుకోవాలి. మన నమూనా సంపులో ఇది 8 సెం.మీ. పైచిలుకు ఎత్తుకు సమానం కాబట్టి, పంపు నడుస్తున్నప్పుడు సంపులో నీరు పై అంచుకు కనీసం 10 సెం.మీ. కింద ఉండాలి. ఆ గీతను మార్కరుతో గాజు మీద గీసి, నీరు పోసే ప్రతిసారీ దాన్ని దాటకుండా చూసుకోవాలి.

గీత సరిగ్గానే ఉన్నా సంపు పొంగుతోందంటే రిటర్న్ పైపును, అంటే పంపు నీటిని పైకి తెచ్చే పైపును, అనుమానించాలి. దాని మూతి నీటిలో 15 సెం.మీ. లోతున ఉంటే, కరెంటు పోయినప్పుడు అదే పైపు సైఫనుగా మారి నీటిని వెనక్కి లాగుతుంది. పెద్ద ట్యాంకు నుంచే 90 లీటర్లు కిందికి దిగుతాయి. మూతిని ఉపరితలానికి దగ్గరగా తీసుకురావడం, నీటిమట్టానికి కొద్దిగా కింద పైపుకు 5, 6 మిల్లీమీటర్ల రంధ్రం వేయడం దీనికి మందు. మట్టం రంధ్రం కిందికి దిగగానే గాలి చొరబడి సైఫను తెగిపోతుంది. అయితే ఆ రంధ్రాన్ని నాచో సున్నపు పొరో మూసేస్తుంది గనుక నెలకోసారి పుల్లతో శుభ్రం చేయాలి. నీటిని ఒకే వైపు పోనిచ్చే చెక్ వాల్వ్ బిగించాం కదా అని ఊరుకోవడం సరికాదు. ఉప్పునీటిలో దాని మూతకు సున్నం పట్టి, అవసరమైన రోజునే సరిగ్గా మూసుకోకుండా పోతుంది. ట్యాంకులు నింపిన రోజునే, చేపలు రాకముందే, పంపు స్విచ్ కావాలని ఆపి ఈ పరీక్ష చేయాలి.

లక్షణం: పంపు నడుస్తుండగానే పై ట్యాంకు పొంగుతోంది

రెఫ్యూజియం ఉన్న ఏర్పాటుకు ఇది ప్రత్యేకమైన ప్రమాదం. తెగిన నాచు పోగులు ఓవర్‌ఫ్లో పళ్లకు చుట్టుకుని దారి మూస్తాయి, పంపు మాత్రం నీటిని పంపుతూనే ఉంటుంది. పళ్ల ముందు వెడల్పాటి జాలీ పెట్టి వారానికి రెండుసార్లు దులపడం మొదటి జాగ్రత్త. రెండో జాగ్రత్త ప్రణాళికలోనే ఉండాలి: సంపులో పంపు ఉండే గదిలో ఎంత నీరుందో అంతకంటే ఎక్కువ ఖాళీ ప్రతి పై ట్యాంకులోనూ ఉంచాలి. ఆ గది 30 సెం.మీ. పొడవు, 40 వెడల్పు ఉండి, పంపు లాగగలిగే నీరు 12 సెం.మీ. ఎత్తున ఉంటే అది 14.4 లీటర్లు. పెద్ద ట్యాంకులో 2.5 సెం.మీ. ఖాళీ దీనికి సరిపోతుంది గానీ, రెఫ్యూజియంలో 4 సెం.మీ. పైన ఖాళీ కావాలి. అప్పుడు ఏ ఓవర్‌ఫ్లో మూసుకుపోయినా ట్యాంకు పొంగేలోపే పంపుకు నీరందక ప్రవాహం ఆగిపోతుంది. ఆటోమేటిక్‌గా మంచినీరు నింపే పరికరం ఉంటే మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది: మట్టం తగ్గిందనుకుని అది నీరు పోస్తూనే ఉంటుంది. కాబట్టి దాని డబ్బా చిన్నదిగా ఉండాలి, ఒక్కసారికి ఎంతసేపు నడవాలో పరిమితి పెట్టాలి.

పక్కపక్కనున్న రెండు ట్యాంకులను అంచుల మీదుగా వంపు పైపుతో కలిపినవారికి కూడా ఇదే లక్షణం కనిపిస్తుంది. ఆ పైపు వంపులో బుడగలు పోగై ఒకనాడు సైఫను తెగుతుంది. పంపు నీరు పోసే ట్యాంకు పొంగుతుంది. ఈ పద్ధతిని ఎంత బాగా అమర్చినా నేను సిఫారసు చేయలేను. ప్రతి ట్యాంకుకూ గాజులో రంధ్రం వేయించి సొంత ఓవర్‌ఫ్లో పెట్టి సంపులోకి దింపాలి. లేదా రెఫ్యూజియాన్ని ఎత్తున ఉంచి దాని నీరు నేరుగా పెద్ద ట్యాంకులో పడేలా చేయాలి. రెండో మార్గంలో కోపిపాడ్లు పంపు రెక్కల్లో నలగకుండా చేపలకు ఆహారంగా చేరతాయి, కానీ పెద్ద ట్యాంకు ఓవర్‌ఫ్లో మొత్తం ప్రవాహాన్నీ మోయాల్సి ఉంటుంది. రంధ్రం వేయించే ముందు ఆ పలక టఫెన్డ్ గాజు కాదని నిర్ధారించుకోవాలి; టఫెన్డ్ గాజైతే డ్రిల్లు తగలగానే పలకంతా ముక్కలైపోతుంది.

లక్షణం: ఒక ట్యాంకులో జోరు, మరోదానిలో నిలవ నీరు, పైపులో గురగుర చప్పుడు

ఒకే పంపు నీటిని రెండుగా చీల్చినప్పుడు, ఎత్తు తక్కువా మలుపులు తక్కువా ఉన్న దారిలోకే ఎక్కువ నీరు పోతుంది. ప్రతి కొమ్మకూ విడిగా వాల్వ్, విప్పడానికి యూనియన్ పెట్టి, ముందు జోరుగా ఉన్న కొమ్మను కొద్దికొద్దిగా బిగించాలి. డబ్బా మీద రాసిన పంపు సామర్థ్యం ఎత్తు పెరిగేకొద్దీ తగ్గుతుందని ముందే లెక్కలో చేర్చుకోవాలి.

చప్పుడుకు కారణం నీరూ గాలీ కలిసి పైపులో దిగడం. రెండు పైపులు అమర్చి, ఒకదానికి గేట్ వాల్వ్ బిగించి అందులో గాలి లేకుండా నిండుగా నీరు దిగేలా సరిచేస్తే నిశ్శబ్దంగా ఉంటుంది. రెండోది అత్యవసరపు పైపు. దాని మూతి నీటిమట్టానికి కాస్త పైన ఉండాలి, దానికి ఎలాంటి వాల్వూ ఉండకూడదు. మామూలు బాల్ వాల్వ్‌తో ఇంత సూక్ష్మంగా సరిచేయడం కష్టం.

లక్షణం: లవణీయత రోజురోజుకూ మారుతోంది

ఆవిరయ్యేది మంచినీరే, ఉప్పు ట్యాంకులోనే మిగులుతుంది. మొత్తం 500 లీటర్ల వ్యవస్థలో 10 లీటర్లు ఆవిరైతే లవణీయత వెయ్యికి 35 భాగాల నుంచి 35.7కు చేరుతుంది. పై ట్యాంకుల్లో మట్టం కదలదు, సంపులో పంపు గదిలోనే తగ్గుతుంది కనుక చాలామంది గమనించరు. తగ్గిన మేరకు ఆర్వో నీరే పోయాలి. బోరు నీరు పోస్తే కాఠిన్యంతోపాటు నైట్రేట్ కూడా చేరే అవకాశం ఉంది. లవణీయత పడిపోతూ ఉంటే మాత్రం స్కిమ్మర్ (నురగతో నీటిలోని మలినాలను తీసే పరికరం) కప్పు మరీ పల్చగా నిండుతోందా, ఎక్కడైనా సన్నని లీకు ఉందా అని చూడాలి. కీళ్ల దగ్గర తెల్లని ఉప్పు పేరుకున్న చోటే లీకు జాడ దొరుకుతుంది.

లక్షణం: నాచు పాలిపోతోంది, లేదా ఒక్క రాత్రిలో కరిగిపోయింది

ఈ రెండూ ఒకే సమస్య కావు, వైద్యమూ ఒకటి కాదు.

కీటోమార్ఫా నాచు క్రమంగా తెల్లబడి పెళుసుబారుతూ, పరీక్షలో నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా చూపిస్తే అది ఆకలితో ఉందని అర్థం. శుభ్రమైన నీరే మంచిదనుకుని ఫాస్ఫేట్ పీల్చే మందు, పెద్ద స్కిమ్మర్, రెఫ్యూజియం మూడూ కలిపి నడిపే ఇళ్లలో ఇది తరచు వస్తుంది. సముద్రపు మొక్కల కణజాలంలో కార్బన్, నైట్రోజన్, ఫాస్ఫరస్ నిష్పత్తి సుమారు 550:30:1 అని అట్కిన్సన్, స్మిత్ అనే పరిశోధకులు 1983లో చూపించారు. అంటే నైట్రోజన్ అవసరం ఫాస్ఫరస్ కంటే చాలా ఎక్కువ, అందుకే నైట్రేట్ ముందు అయిపోయి ఫాస్ఫేట్ మిగిలిపోవడం మామూలే. ఫాస్ఫేట్ మందు తీసేసి, మేత కొద్దిగా పెంచి, లీటరుకు నైట్రేట్ 5 నుంచి 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మిల్లీగ్రాముల మధ్య ఉండేలా చూడాలి. నైట్రేట్ ఉండి కూడా నాచు పసుపు పచ్చగా మారితే ఇనుము లోపాన్ని అనుమానించాలి. పైన పచ్చగా ఉండి లోపల గోధుమ రంగులో కుళ్లుతుంటే వెలుతురు, ప్రవాహం లోపలికి అందడం లేదన్నమాట. మూడో వంతు కోసి తీసేసి, మిగిలినదాన్ని తిరగేయాలి.

కాలెర్పా అనే నాచు విషయం వేరు. అది పునరుత్పత్తికి పూనుకుంటే తన లోపలి పదార్థాన్నంతా నీటిలోకి వదిలేస్తుంది. ఉదయానికి ఆకులు గాజులా పారదర్శకమై, నీరు పచ్చని పాలలా మారి, ఆక్సిజన్ పడిపోయి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. నీరు ఒక్కటే కాబట్టి పెద్ద ట్యాంకు కూడా అదే స్థితిలో ఉంటుంది. వెంటనే గాలి పంపు పెట్టి, చచ్చిన నాచు తీసి, యాక్టివేటెడ్ కార్బన్ నడిపి, కొంత నీరు మార్చాలి. తరచు కత్తిరిస్తూ ఉంటే ఈ ముప్పు తగ్గుతుంది. ఇరవై నాలుగు గంటలూ లైటు వేసి దీన్ని ఆపేవారున్నారు గానీ, హాల్లో కనిపించే రెఫ్యూజియానికి అది కుదిరే పని కాదు. చేపలున్న ట్యాంకుతో కలిసే చోట కాలెర్పా అందం ఆ ప్రమాదానికి తగినది కాదన్నది నా అభిప్రాయం. కీటోమార్ఫా చూడ్డానికి చిక్కుపడ్డ నూలు ఉండలా ఉంటుంది, నిజమే. దానికి ఎర్రని గ్రాసిలేరియాను జోడిస్తే ట్యాంకుకు అందం వస్తుంది. హాలిమెడా అనే నాచు కూడా బాగుంటుంది గానీ, తన పలకల కోసం కాల్షియాన్ని, క్షారతను తినేస్తుంది గనుక పగడాలున్నవారు వాటిని తరచు కొలవాలి.

కత్తిరించిన నాచును కాలువలోనో సముద్రంలోనో పారేయకూడదు. ఎండబెట్టి చెత్తలో వేయాలి. 1984లో మొనాకో తీరాన కనిపించిన కాలెర్పా టాక్సిఫోలియా మధ్యధరా సముద్రంలో విస్తరించింది. 2000లో శాన్‌డియేగో దగ్గరి అగువా హెడియోండా లగూన్‌లో బయటపడ్డ అదే నాచును నిర్మూలించామని ప్రకటించడానికి 2006 దాకా పట్టింది. కాలిఫోర్నియాలో ఉన్న తెలుగువారు కాలెర్పాను కొనే ఆలోచనే పెట్టుకోవద్దు. అక్కడ దాన్ని దగ్గర పెట్టుకోవడమూ నేరమే.

లక్షణం: సముద్రపు గడ్డి నాటిన కొద్ది వారాల్లో ఆకులు రాల్చింది

కొంత రాలడం సహజం. వేరుకాండం గట్టిగా, లేతరంగులో ఉంటే ఓపిక పట్టాలి. మెత్తబడి నల్లబడితే అది చచ్చినట్టే. సాధారణ కారణం కొత్త ఇసుక. గడ్డి తన పోషకాలను ఎక్కువగా వేళ్ల ద్వారా తీసుకుంటుంది గనుక, 10 నుంచి 15 సెం.మీ. మందం సన్నని ఇసుక వేసి, కొన్ని నెలలు పండనిచ్చి, తర్వాత నాటాలి. నాటాక ఆ పొరను కెలకకూడదు; లోతున చేరిన హైడ్రోజన్ సల్ఫైడ్ బయటికి వస్తే రెండు ట్యాంకులకూ ప్రమాదం.

మడ మొక్క ఆకులు ఎండుతుంటే రోజూ మంచినీరు చల్లి దుమ్మూ ఉప్పూ కడగాలి, మెగ్నీషియం చూడాలి. అది నెమ్మదిగా పెరిగే మొక్క, నైట్రేట్ తగ్గిస్తుందని ఆశించి పెట్టుకోకూడదు. కాకినాడ దగ్గరి కోరింగ నుంచి విత్తులు ఏరుకురావడం కూడదు. అది వన్యప్రాణి అభయారణ్యం. రాతి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి కాబట్టి మన తీరం నుంచి పగడాలను గానీ, వాటితో కూడిన సజీవ శిలను (జీవులు పట్టిన సముద్రపు రాయిని) గానీ తెచ్చుకోలేం. కృత్రిమ శిల వాడుకోవాలి.

లక్షణం: తెల్లవారుజామున పీహెచ్ పడిపోతోంది

రాత్రి మొక్కలూ జీవులూ కలిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, దాంతో పీహెచ్ తగ్గుతుంది. వెలుతురులో నాచు దాన్ని పీల్చుకుంటుంది. అందుకే రెఫ్యూజియం లైటును పెద్ద ట్యాంకు లైటు ఆరేవేళకు వెలిగించాలని సూత్రం. హాల్లో రాత్రంతా కాంతి ఇబ్బంది అనుకుంటే, పెద్ద ట్యాంకుకు ఉదయం 10 నుంచి రాత్రి 8 వరకు, రెఫ్యూజియానికి సాయంత్రం 5 నుంచి రాత్రి 2 వరకు పెట్టుకోవచ్చు. సాయంత్రం మూడు గంటలు రెండూ కలిసి కనిపిస్తాయి. అయినా పీహెచ్ 7.8 దాటకపోతే గ్లాసు నీటిని బయట కిటికీ దగ్గర గంటసేపు గాలి పంపుతో ఆడించి మళ్లీ కొలవాలి. పెరిగితే తప్పు గది గాలిదే. ఏసీ కోసం మూసిన గదిలో ఇది తరచు జరుగుతుంది. స్కిమ్మర్ గాలి గొట్టాన్ని కిటికీ బయటికి తీయాలి.

లక్షణం: వేసవిలో నీరు 30 డిగ్రీలు దాటుతోంది

ఫ్యాను గాలి ఉపరితలానికి తగిలేలా పెడితే 2, 3 డిగ్రీలు తగ్గుతుంది. హైదరాబాదు పొడి వేడిలో ఇది బాగా పనిచేస్తుంది, విశాఖపట్నం ఉక్కలో అంతగా చేయదు. చిల్లర్ కొంటే దాన్ని మూసిన క్యాబినెట్‌లో పెట్టకూడదు. వదిలిన వేడినే మళ్లీ పీల్చుకుంటుంది. ఇన్వర్టర్ మీద పంపు గీపెట్టి వేడెక్కుతుంటే అది స్క్వేర్ వేవ్ రకమై ఉంటుంది, సైన్ వేవ్ రకం కావాలి. వీటన్నిటికీ 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) తప్పనిసరి.

లక్షణం: చేపల మీద తెల్ల చుక్కలు

చుక్క కనిపించింది ఒక ట్యాంకులోనే అయినా వ్యాధి రెండింటిలోనూ ఉన్నట్టే లెక్క. రాగి మందును ఈ నీటిలో వేయకూడదు; రొయ్యలు, నత్తలు, పగడాలు చస్తాయి, నాచూ దెబ్బతింటుంది. చేపలన్నింటినీ పట్టి, పైపులతో సంబంధం లేని వేరే తొట్టిలో వైద్యం చేసి, వ్యవస్థ మొత్తాన్ని సుమారు రెండున్నర నెలలు చేపలు లేకుండా నడపాలి. కాబట్టి రెండు ట్యాంకులు కలపాలనుకునేవారు పైపులు కొనే రోజే ఒక చిన్న క్వారంటైన్ తొట్టికి కూడా ఇంట్లో చోటు చూసుకోవాలి. దాని వల, గొట్టం, బకెట్టు వేరుగా ఉండాలి.