గే మ్యారేజ్ హక్కుల్ని నల్లజాతి పోరాటంతో ఎలా పోల్చాలి

అమెరికాలో గే పెళ్ళి హక్కూ, నల్లవాళ్ళ హక్కుల పోరాటమూ ఒకలాంటివేనా అన్న వాదన వచ్చినప్పుడు ముందు "రెండూ ఒకటే" అనడం మానేయండి, సగం గొడవ అక్కడే మొదలవుతుంది. బాధల్ని కాదు, చట్టాన్ని పోల్చండి.

లవింగ్ అనే ఇంటిపేరున్న జంట కేసుతో మొదలుపెట్టండి. 1958లో రిచర్డ్ అనే తెల్లాయన, మిల్డ్రెడ్ అనే నల్లజాతి ఆవిడ వాషింగ్టన్ డీసీ వెళ్ళి పెళ్ళి చేసుకుని, తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ పెళ్ళాడకూడదనే చట్టమున్న తమ రాష్ట్రం వర్జీనియా తిరిగొస్తే పోలీసులు రాత్రిపూట బెడ్‌రూమ్‌లోకే వచ్చి అరెస్ట్ చేశారు, గోడకున్న పెళ్ళి సర్టిఫికెట్ చూపిస్తే ఇక్కడ చెల్లదన్నారు. 1967లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది, 2015లో గే పెళ్ళిళ్ళకి హక్కిచ్చిన ఒబెర్గెఫెల్ తీర్పులో ఈ కేసు పదేపదే కనిపిస్తుంది. మిల్డ్రెడ్ కూడా 2007లో గే పెళ్ళిళ్ళకి మద్దతిచ్చింది.

తేడాలు మాత్రం అవతలివాళ్ళు ఎత్తేలోపే మీరే చెప్పేయండి. బానిసత్వం, లించింగ్‌లు (గుంపులు కొట్టి చంపడాలు), వేరు స్కూళ్ళు, ఓటు లాక్కోవడం, తరతరాలకీ ఆస్తి మిగలకపోవడం, ఇవన్నీ ఒక పెళ్ళి లైసెన్స్‌తో తూగేవి కావు, తూగుతాయని అనకండి కూడా. గే అన్నది దాచుకోవచ్చు కదా అంటారు, జీవితాంతం దాక్కుని బతకడం కూడా శిక్షే అని నేనంటా.

ఇంకోటి, నల్లవాళ్ళు వేరు గేలు వేరు అన్నట్టు మాట్లాడొద్దు. నల్లవాళ్ళ హక్కుల కోసం జరిగిన 1963 వాషింగ్టన్ మార్చ్‌ని దగ్గరుండి నడిపించిన బేయర్డ్ రస్టిన్ నల్లజాతి గే మనిషే, గే అయినందుకే ఆయన్ని వెనక్కి నెట్టారు కూడా.

ఎవరైనా దేవుడి పేరెత్తితే లవింగ్ కేసులో కింది కోర్టు జడ్జి రాసింది చూపించండి: దేవుడు జాతుల్ని వేరే వేరే ఖండాల్లో పెట్టాడు కాబట్టి అవి కలవకూడదట.